సరిహద్దులు దాటిన సహకార సంఘములు

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించిన నాడు బళ్లారి జిల్లా రెండుగా చీలెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరినవి. హరపనహళ్లి, హడగలి, హోసపేట, కూడ్లిగి, సండూరు, సిరుగుప్ప తాలూకాలు మైసూరునకు పోయినవి. బళ్లారి తాలూకా మాత్రము పెద్ద వివాదమునకు గురియై, హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మిశ్రాగారి విచారణ జరిగిన మీదట అదియు మైసూరునకే దక్కెను. ఆ దినమున ఎవరు సంతసించిరి, ఎవరు దుఃఖించిరి అను కథ పలుమారులు చెప్పబడినదే. మేమిచ్చట చెప్పదలచినది అంతగా చెప్పబడని మరియొక సంగతి. ఒక జిల్లా నడుమ గీత గీసినప్పుడు ఆ గీతకు రెండు వైపులను సభ్యులు గల సహకార సంఘము గతి యేమగును?

మనుష్యునకు గీత పెద్ద చిక్కు కాదు. అతడు ప్రొద్దున బళ్లారిలో బండి యెక్కి రాయదుర్గములో పని చూచుకొని సాయంకాలమునకు ఇల్లు చేరగలడు. రెండు చోట్లను అతడు అతడే. సంఘమునకు అట్టి సౌకర్యము లేదు. శాసన మిచ్చిన దేహము తప్ప దానికి వేరు దేహము లేదు. ఆ శాసనము ఏ పొలిమేరవద్ద ఆగిపోవునో, సంఘము యొక్క దేహమును అచ్చటనే ఆగిపోవును. వంటవాకిలి ఒక రాష్ట్రమునను, వీధివాకిలి మరియొక రాష్ట్రమునను ఉన్నట్టి జీవితము గడపుచున్న మన కుటుంబములకు ఈ చిక్కు పరాయిది కాదు. బంధుత్వములు, ముడిసరుకు, కొనుగోలుదారులు, అప్పులు అన్నియు ఎల్లకు ఇరువైపులను ఉండగా, వ్యాపార సంఘము మాత్రము ఒక్క వైపుననే యుండవలసిన కారణమేమి అని మనవారు అడుగుట సహజము. ఈ ప్రశ్నకు సమాధానము కుదురుటకు శాసనకర్తలకు నూరేండ్ల కాలము పట్టినది.

రిజిష్టరీ యనగా నేమో మొదట తెలిసికొనవలెను. పదిమంది కలిసి ధనము కూడబెట్టుకొనుట మన దేశమునకు క్రొత్త గాదు. చీటీలు, నిధులు మన పెద్దలెరిగినవే. కాని రిజిష్టరు కాని కూటమికి తనదని చెప్పుకొనదగిన ఆస్తి యుండదు. నగలు, స్థలము, నగదు అన్నియు ఎవరో యొక పెద్దమనిషి పేర నుండును. ఆయన మంచివాడైనను చావు తప్పనివాడు గదా! ఆయన పోయినంతనే ఆ స్థలము కూటమిదా, కుమారులదా అను తగవు లేచును. బాకీ యెగవేసిన వానిపై దావా వేయవలెనన్నను వాది యెవరు? రిజిష్టరు కాగానే ఈ చిక్కులన్నియు విడిపోవును. సంఘము తన పేరుతో ఆస్తిని కొనవచ్చును, అమ్మవచ్చును, ఒప్పందము చేసికొనవచ్చును, వ్యాజ్యము నడపవచ్చును. సభ్యులు వచ్చుచు పోవుచు నున్నను సంఘము నిలిచియుండును. తనదైన ముద్ర గలిగియుండును. శాసనము దృష్టిలో అదియొక వ్యక్తి.

ఈ వ్యక్తిత్వము సామాన్య జనులకు చౌకగా లభింపవలెనను ఆలోచన మన దక్షిణ దేశమున చెన్నపట్టణముననే మొదట గట్టిపడెను. మద్రాసు ప్రభుత్వము పక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ దొర ఐరోపా గ్రామముల పరపతి సంఘములను పరిశీలించి 1895లోను, 1897లోను రెండు భాగములుగా నివేదిక సమర్పించెను. జర్మనీలో రైఫైజను నడిపిన సంఘములవంటివి మన గ్రామములలో వెలయవలెనని ఆయన అభిమతము. 1904లో పరపతి సహకార సంఘముల శాసనము వచ్చెను. ఆ యేడాదియే చెన్నపట్టణ పరిసరములందలి తిరూరు గ్రామమున ఒక సంఘము రిజిష్టరయ్యెను. తిరువల్లిక్కేణిలో పదునలుగురు పెద్దలు కలిసి స్థాపించిన వినియోగదారుల సంఘమును ఆ సంవత్సరమున పుట్టినదే. మరుసటి యేడు, అప్పటి బొంబాయి రాజధానిలోని గదగు ప్రాంతమున, కణగినహాళ గ్రామములో సిద్దనగౌడ పాటీలు గారి పూనికతో మరియొకటి వెలసెను.

ఆ 1904 శాసనము కోరిన దేమో గమనింపుడు. పదిమంది సభ్యులుండవలెను. వారు ఒకే పట్టణమునందో, ఒకే గ్రామమునందో, చేరువ పల్లెలయందో నివసించువారు కావలెను. లేదా రిజిస్ట్రారు అనుమతితో ఒకే తెగకో కులమునకో చెందినవారు కావచ్చును. గ్రామ సంఘములలో సభ్యుల బాధ్యతకు పరిమితి లేదు. ఒకడు ఎగవేసినచో తక్కినవారు తీర్పవలసినదే. కనుక ఒకరి గుణము ఒకరెరిగిన పొరుగువారే చేరవలెననుట న్యాయముగనే యుండెను. సహకారమనగా పొలిమేర లోపలి సంగతి యని ఆనాటి పెద్దల భావన. 1912 శాసనము పరపతి కాని సంఘములకును, సంఘముల కూటములకును ద్వారము తెరచినది. 1919 సంస్కరణలతో ఈ శాఖ రాష్ట్రముల వశమయ్యెను. బొంబాయి 1925లోను, మద్రాసు 1932లోను స్వంత శాసనములు చేసికొన్నవి. ఆనాటినుండి రిజిస్ట్రారు అధికారము రాష్ట్రపు టెల్లతో ముగిసెను.

చిక్కు మొదట మన గంజాము సీమలో కనబడినది. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా, బరంపురము, పర్లాకిమిడి, జయపురము మద్రాసునుండి విడిపోయినవి. అచ్చటి సంఘములు పుట్టినది మద్రాసు శాసనము క్రింద, బ్రతుకవలసినది క్రొత్త రాష్ట్రమున. ఒరిస్సా ఉత్తర భాగమున బీహారు-ఒరిస్సా శాసనమును, దక్షిణ భాగమున మద్రాసు శాసనమును చాలకాలము ప్రక్కప్రక్కనే నడచినవి. ఒకే రాష్ట్రమునకు ఒకే సహకార శాసనము వచ్చుటకు 1951నాటి ఒరిస్సా శాసనము వరకు వేచియుండవలసి వచ్చెను. గీత గీయుట ఒక దినపు పని, దాని లెక్కలు సరిచూచుట పదునైదేండ్ల పని.

అప్పటి 1935 భారత ప్రభుత్వ శాసనమున రాష్ట్రములను, సంస్థానములను కలిపి ‘యూనిట్లు’ అని వ్యవహరించిరి. ఒక యూనిట్టుకు పరిమితము కాని సంస్థలపై శాసనాధికారము కేంద్రమునకు గలదు. ఆ పలుకుబడినుండియే 1942లో వచ్చిన శాసనమునకు ‘మల్టీ యూనిట్ సహకార సంఘముల శాసనము’ అను పేరు కలిగెను. చిన్న శాసనమే గాని దాని యుక్తి మెచ్చదగినది. ఒక రాష్ట్రమున రిజిష్టరైన సంఘము, దాని ఉద్దేశములు వ్యాపించిన ఇతర రాష్ట్రములందును రిజిష్టరైనట్లే యెంచబడును. కాని రిజిష్టరీ, అదుపు, రద్దు ఈ మూడింటికిని అది పుట్టిన రాష్ట్రపు శాసనమే వర్తించును. రెండవ రాష్ట్రమున శాఖ తెరచినచో నియమావళి ప్రతిని అచ్చటి రిజిస్ట్రారునకు అందింపవలెను. ఆ శాఖ లెక్కలను ఆయన తనిఖీ చేయవచ్చును. మెట్టినింట మర్యాద దొరకును, పెత్తనము మాత్రము పుట్టినింటివారిది. లోకాచారమునకు ఇది విరుద్ధమే యైనను సంఘముల విషయమున బాగుగనే నడచినది. అవసరమైనచో కేంద్ర ప్రభుత్వము తానొక సెంట్రల్ రిజిస్ట్రారును నియమించుటకును ఆ శాసనమున వీలు కల్పించిరి.

ఆ శాసనము వచ్చిన పదునొకండేండ్లకు ఆంధ్ర రాష్ట్రము, మరి మూడేండ్లకు రాష్ట్రముల పునర్విభజన. 1956లో హైదరాబాదు సంస్థానము మూడు ముక్కలై తెలంగాణము ఆంధ్రప్రదేశమునందును, రాయచూరు, గుల్బర్గా, బీదరు ప్రాంతములు మైసూరునందును, మరాఠ్వాడా బొంబాయియందును కలిసినవి. 1960 ఏప్రిలు 1వ తేదీన సరిహద్దు మార్పుల శాసనము వలన తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారెను. ఈ మార్పు లన్నిటియందును ఒక విచిత్రము గలదు. ఎల్ల దాటవలెనని ఏ సంఘమును కోరలేదు. ఎల్లయే వచ్చి సంఘముల నడుమ నిలిచినది. నిద్ర లేచి చూచునప్పటికి ఒక ఊరి సంఘము రెండు రాష్ట్రముల సంఘమయ్యెను. అందువలన 1956 పునర్విభజన శాసనము 1942 శాసనమున నొక క్రొత్త నిబంధనను చొప్పించి, అట్టి సంఘములు తమ ఆస్తులను, అప్పులను పంచుకొని మరల కుదురుకొనుటకు పథకములు వేసికొను మార్గ మేర్పరచినది.

ఈ పంపకము ఎక్కువగా నేతగాండ్రను తాకినది. మద్రాసు రాష్ట్రపు చేనేత పారిశ్రామికుల పై సంఘము 1935లో ఏర్పడినది. నేడు దానినే కో-ఆప్టెక్సు అందుము. ఆంధ్ర జిల్లాల నేత సంఘములకు నూలు, రంగులు, అమ్మకము అన్నిటికిని ఆశ్రయము చెన్నపట్టణముననే యుండెను. రాష్ట్రము విడిపోయిన పిదప ఆంధ్ర నేతగాండ్రకు విజయవాడ కేంద్రముగా వేరు సంఘ మేర్పడి, 1976లో తెలంగాణ ప్రాంతపు సంఘముతో కలిసి ఆప్కోగా మారెను. తమిళనాటనే నిలిచిపోయిన తెలుగు దేవాంగులు, పద్మశాలీలు కో-ఆప్టెక్సు నీడనే యుండిరి. చీరె అంచు మీది పూవు ఒకటే, నేయు చేతుల పలుకు ఒకటే, పై సంఘములు రెండు. దీనిని మేము తప్పని అనజాలము. రెండు ప్రభుత్వముల రిబేటు ధనము రెండు మార్గముల వచ్చునప్పుడు సంఘమును రెండు కాక తప్పదు.

రాజ్యాంగము వచ్చిన పిమ్మట ఈ ముడి ఇంకను చిక్కనైనది. కేంద్ర జాబితాలోని 43వ అంశము వ్యాపార సంస్థలను కేంద్రమున కప్పగించుచు, సహకార సంఘములను అందులోనుండి తొలగించినది. రాష్ట్ర జాబితాలోని 32వ అంశము సహకార సంఘములను రాష్ట్రములకిచ్చినది. అయితే కేంద్ర జాబితా 44వ అంశమున, ఒక రాష్ట్రమునకు పరిమితము కాని ఉద్దేశములు గల సంస్థ లెల్ల కేంద్రమునకు చెందునని యున్నది. తొలగింపబడినవి అచ్చట విశ్వవిద్యాలయములు మాత్రమే. కావున సంఘము యొక్క ఉద్దేశము ఎంత దూరము వ్యాపించినదను దానిపై దాని యజమాని యెవరో తేలును. సభ్యుడెక్కడ పుట్టెను, కార్యాలయ మెక్కడ నున్నదను ప్రశ్నలకంటె ‘ఏమి కోరి కూడిరి’ అను ప్రశ్నయే ముఖ్యమయ్యెను. నియమావళిలో ఉద్దేశముల భాగమును వ్రాయునప్పుడు మనవారు ఆలోచింపక పాత కాగితమును నకలు తీయుచుందురు. అట్టివారు ఈ సంగతి మనసున నుంచుకొనవలెను.

ఎల్ల కెదురు నిలిచిన సంఘమునకు ఉదాహరణ కావలెనన్నచో మంగళూరునకు పోవలెను. పాత మద్రాసు రాజధానిలోని దక్షిణ కన్నడ జిల్లాలో పోకతోటల రైతు లందరును ఒకే ప్రభుత్వము క్రింద నుండిరి. 1956లో కాసరగోడు కేరళమునకును, తక్కిన భాగము మైసూరునకును పోయెను. తోట ఒకవైపు, సంత మరియొకవైపు. ధర పడిపోయినప్పుడు నష్టము మాత్రము ఇరువైపుల వారికిని సమానమే. అప్పుడు వారణాశి సుబ్రాయ భట్టుగారు నడుము గట్టగా, 1973 జూలై 11వ తేదీన ‘కాంప్కో’ యను సంఘము కర్ణాటక, కేరళ రాష్ట్రముల రైతులకు ఉమ్మడిగా ఏర్పడినది. ప్రభుత్వములు రెండును అందులో చేయి కలిపినవి. తరువాత ఆ సంఘము కోకోను కూడ కొని, 1986లో పుత్తూరునందు చాక్లెట్టు కర్మాగారమును నెలకొల్పెను. రెండు భాషల రైతులు ఒకే తక్కెడలో తూచుకొని ఒకే పుస్తకమున వ్రాసికొనుచు ఐదు దశాబ్దములు దాటించిరి. పెద్ద తరహాలో ఇఫ్కో ఎరువుల సంఘము గలదు. 1967 నవంబరు 3వ తేదీన 57 సంఘములు సభ్యులుగా రిజిష్టరైనది అదియు 1942 శాసనము క్రిందనే.

1984లో పార్లమెంటు ఆ పాత శాసనమును తొలగించి బహుళ రాష్ట్ర సహకార సంఘముల శాసనమును చేసెను. అది 1985 సెప్టెంబరునుండి అమలునకు వచ్చెను. దాని స్థానమున వచ్చిన 2002 శాసనము, 2023 సవరణలతో కూడి, నేడు నడచుచున్నది. పుట్టినిల్లు, మెట్టినిల్లు అను భేదము దీనితో పోయినది. ఇట్టి సంఘము సూటిగా సెంట్రల్ రిజిస్ట్రారువద్దనే జన్మించును. విభజనల వలన అప్రయత్నముగా రెండు రాష్ట్రములవైన సంఘముల సంగతి 103వ సెక్షనులో గలదు. రాష్ట్ర పునర్విభజన దినమునుండి అవి బహుళ రాష్ట్ర సంఘములుగా భావింపబడును. 2014లో తెలంగాణము విడివడినప్పుడు ఈ మాట మరల అక్కరకు వచ్చినది.

రిజిష్టరీ పద్ధతి కష్టమైనది కాదు, కాని కచ్చితమైనది. సంఘపు ముఖ్యోద్దేశము ఒకటికంటె ఎక్కువ రాష్ట్రములలోని సభ్యుల మేలు కోరునది కావలెను. దరఖాస్తుదారు లందరును వ్యక్తులైనచో, ప్రతి రాష్ట్రమునుండియు 50 మందికి తక్కువ కాకుండ చేవ్రాలు చేయవలెను. చేరునవి సంఘములే యైనచో ఒకే రాష్ట్రమున రిజిష్టరు కానట్టి ఐదు సంఘముల ప్రతినిధు లుండవలెను. దరఖాస్తుతోబాటు నియమావళి ప్రతులు నాలుగు జతపరుపవలెను. ఒక రాష్ట్రమున ఇదివరకే రిజిష్టరైన సంఘము తన నియమావళిని సవరించుకొని రెండవ రాష్ట్రమునకు విస్తరింపవచ్చును. కాని ఆ సవరణ సెంట్రల్ రిజిస్ట్రారు నమోదు చేయనిదే చెల్లదు. 1904లో పదిమంది ఒకే ఊరివారు కావలెనన్న శాసనము, నూరేండ్లకు ఏబదిమంది ఈ వైపు, ఏబదిమంది ఆ వైపు కావలెనను చోటికి వచ్చినది. ఆ 50 అను సంఖ్యను కొందరు అడ్డంకి యని గొణుగుదురు. మేము దానిని మంచి జల్లెడ యందుము. ఆవలి రాష్ట్రమున ఏబదిమందిని కూర్పజాలని సంఘమునకు అచ్చట పనియే లేదు.

యానాము సంగతి వేరుగా చెప్పవలెను. ఫ్రెంచివారి పాలన 1954లో వాస్తవముగా ముగిసి, 1962 ఆగస్టు 16వ తేదీన ఒప్పందరీత్యా పూర్తియైనది. చుట్టును గోదావరి మండలము, సహకార రిజిస్ట్రారు మాత్రము పుదుచ్చేరిలో. ఊరి చివర రెండు వీధులు దాటి సభ్యుని చేర్చుకొన్నచో అది ఎల్ల దాటిన సంఘమే యగును. కేంద్రపాలిత ప్రాంతమును శాసనార్థమున రాష్ట్రముతో సమానము గదా! అన్నిచోట్ల దూరపు సాహసమైన పని యానామువారికి పొరుగింటి పని.

ఇక భయములు కూడ గలవు. ఎల్ల దాటిన అధికారి దూరమున నుండును. ఆ దూరమును వాడుకొన్నవారు లేకపోలేదు. పరపతి పేర బహుళ రాష్ట్ర సంఘములు పెట్టి, పేదలవద్ద డిపాజిట్లు పోగుచేసి, తిరిగి చెల్లింపజాలని ఉదంతములు దేశమున వెల్లడియైనవి. అట్టి నాలుగు సంఘముల డిపాజిటుదారుల కొరకు 5000 కోట్ల రూపాయలు సెంట్రల్ రిజిస్ట్రారునకు అప్పగింపవలసినదిగా సుప్రీముకోర్టు 2023 మార్చిలో ఆజ్ఞాపించెను. అదే సంవత్సరపు సవరణ శాసనము ఎన్నికల ప్రాధికార సంస్థను, ఫిర్యాదులు వినుటకు అంబుడ్స్‌మనును ఏర్పరచినది. అంతకు ముందు 97వ రాజ్యాంగ సవరణపై పెద్ద వ్యాజ్యము నడచినది. సగము రాష్ట్రముల ఆమోదము లేనందున అది రాష్ట్ర సంఘములకు చెల్లదనియు, బహుళ రాష్ట్ర సంఘములకు మాత్రము చెల్లుననియు 2021 జూలై 20వ తేదీన తీర్పు వచ్చెను. కావున ఎల్ల దాటిన సంఘములకు నేడు రాజ్యాంగమునందే ప్రత్యేక స్థానము గలదు.

మనవారిలో మరియొక పొరపాటు తరచు కనబడును. మన తెలుగు సంఘములు చాలవరకు సొసైటీల రిజిష్టరీ శాసనముల క్రింద నమోదైనవి. తమిళనాట 1975 శాసనము, కర్ణాటకమున 1960 శాసనము అట్టివి. అవి ఉగాది జరుపుటకు, గ్రంథాలయము నడుపుటకు, బాలబాలికలకు మన లిపి నేర్పుటకు చక్కగా సరిపోవును. వ్యాపారము చేసి లాభము పంచుకొనుటకు అవి ఉద్దేశింపబడలేదు. సాంస్కృతిక సంఘపు రసీదుపై వ్యాపారమునకు సొమ్ము చెల్లించినవానికి వాటాదారుని హక్కు కలుగదు. ఎల్లలు దాటవలెనన్న ఉత్పత్తిదారులకు 2003నుండి మరియొక త్రోవ తెరచియున్నది. అది కంపెనీల శాసనము క్రింది ఉత్పత్తిదారుల కంపెనీ. పదిమంది ఉత్పత్తిదారు లున్నచో చాలును, రాష్ట్రపు టెల్ల దానికి అడ్డు కాదు. అన్ని పనులకును ఎల్ల దాటనక్కర లేదనుటయు నిజమే. షోలాపూరునందు బీడీలు చుట్టు స్త్రీలు, వారిలో మన తెలుగు ఆడపడుచు లెందరో, ఆడం నరసయ్యగారి నాయకత్వమున సహకార పద్ధతిపై 10,000 ఇండ్లు సాధించుకొని 2006లో తాళపుచెవులు అందుకొనిరి. ఇల్లు కదలునది కాదు గనుక దానికి ఒక రాష్ట్రపు శాసనము చాలును. కదలునది నూలు, పోక, చెరకు, పాలు. వాటికొరకే రెండవ రాష్ట్రపు గడప తొక్కవలసి వచ్చును.

ఆరంభించిన చోటికే మరల వత్తము. నేడు బళ్లారి జీన్సు దుస్తులకు పేరుగన్నది. ఎల్లకావల రాయదుర్గమునను అదే కుట్టుపని సాగుచున్నది. ఇరువైపుల దర్జీలు కూడి, గుడ్డను టోకున కొని, తామే అమ్ముకొనవలెనని తలచినారనుకొందము. బళ్లారినుండి ఏబదిమంది, రాయదుర్గమునుండి ఏబదిమంది చేవ్రాళ్లు చేయుదురు. ఉద్దేశములు వ్రాయుట కష్టము కాదు. వాటా యెంతయో పూటలో తేలును. పేరు కూడ కుదురును. నియమావళిలో తప్పక వ్రాయవలసినది సంఘపు చిరునామా; అది ఒక్కటే యుండవలెను. ఆ ఒక్క పంక్తివద్ద కలము ఆగును. కార్యాలయము బళ్లారిలోనా, రాయదుర్గములోనా?